పసుపు డబ్బా

"పసుపు డబ్బా ఎక్కడుందమ్మా?" అని ఆఫీసరు గారు అడిగితే తలుపులమ్మ వంటింట్లోకి వెళ్లి, పోపుల పెట్టె పక్కనున్న పసుపు డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఇంకో రోజైతే వాకిట్లో ఉన్న నలభై మందీ పగలబడి నవ్వేవారే. ఆ పొద్దున్న ఎవరికీ నవ్వు రాలేదు. ఆ వాకిట్లో రెండు రోజులుగా ఏడుపు తప్ప మరొకటి లేదు.

దసరా నవమి నాడు మధ్యాహ్నం చేపల ఆఫీసు నుంచి మనిషి వచ్చి చెప్పాడు. పల్లంరాజు గారి బోటు నుంచి ఆకాశంలో ఉపగ్రహానికి ప్రమాదం కబురు అందిందట. గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గరే ఎక్కడో బోటు మునిగి ఉంటుందట. గస్తీ ఓడ బయల్దేరిందట. అప్పటి నుంచి పల్లంరాజు కోడలు వీరదుర్గ మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆ బోటు నడిపేది ఆవిడ మొగుడు, తలుపులమ్మ కొడుకు వీరబాబు. అతనితో వెళ్లిన ఐదుగురి ఆడవాళ్లూ ఈ అరుగు వదిలి కదల్లేదు.

ఓడ రెండు రోజులు మొగంతా గాలించింది. పైన విమానం తిరిగింది. చెక్క ముక్క దొరకలేదు, వల పీలిక దొరకలేదు. కబురు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంది. ఏకాదశి నాడు పొద్దున్న, ఆ కబురు ఎక్కణ్నించి వస్తోందో పసిగట్టే యంత్రం చేత్తో పట్టుకుని గస్తీ ఓడ తాలూకు తెల్ల యూనిఫారంలో ఒకాయన రేవులో జీపు దిగాడు. యంత్రం ఎటు కూస్తే అటు నడిచాడు, జీపు వెనకే వచ్చింది. వలలు ఆరేసిన ఇసక దాటి, ఐసు షెడ్డు దాటి, సందు మలుపు తిరిగి, తిన్నగా పల్లంరాజు ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఆయన వెంట వచ్చిన చేపల ఆఫీసు సత్యప్రసాద్ గారు తలుపులమ్మ ఇచ్చిన డబ్బా మూత తీసి చూసి, మళ్లీ పెట్టేశారు. "ఇది కాదమ్మా. మొన్న వేసవిలో సభ పెట్టి మీ ఆయన చేతికిచ్చాం చూడండి, బోటుకి బిగించుకోమని. పసుపు రంగుది. నెత్తిన చిన్న కమ్మీ ఉంటుంది. బీకన్ అంటారు."

"అదాండీ," అంది తలుపులమ్మ. "అది దేవుడి దగ్గరుందండి."

దేవుడి గూటి ముందు ఇత్తడి బేసిను నిండా పసుపు నీళ్లు. ఆ నీళ్లలో పాత దిక్సూచి, రెండు పానాలు, వల అల్లే సూది, వాటి మధ్య నిలువుగా ఆ డబ్బా. దానికి మూడు కుంకుమ బొట్లు, మెడలో బంతిపూల దండ. నెత్తిన చిన్న దీపం ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఏటా నవమి నాటికి బోటు రేవులో ఉంటుంది, ఆయుధ పూజ బోటుకే చేస్తారు. ఈ ఏడు అష్టమికి రావలసిన బోటు రాలేదు. పూజ మానడానికి మనసొప్పక తలుపులమ్మ ఇంట్లో ఉన్న బోటు సామానే ముందేసుకుంది. ఆయుధాన్ని కడగకుండా బొట్టు పెట్టడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక లేదు. పసుపు నీళ్లు కలిపి అన్నిటితోపాటు డబ్బానీ కడిగింది. నీళ్లు తగలగానే దాని నెత్తిన దీపం వెలిగింది. అమ్మవారు పలికిందనుకుంది. బయటికి తీస్తే ఎక్కడ ఆరిపోతుందోనని నీళ్లలోనే ఉంచేసింది. వాకిట్లో అందరూ గుండెలు బాదుకుంటుంటే ఆవిడ ఒక్కర్తే లోపల కూర్చుని ఆ దీపాన్ని చూసుకుంటూ, కొడుక్కేం కాలేదని రెండు రోజులు ధైర్యంగా ఉంది.

నీళ్లు తగిలితే కబురు పంపడానికే ఆ డబ్బాని చేశారని ఆ ఇంట్లో ఆవిడకి చెప్పినవాడు లేడు.

తెల్ల యూనిఫారం ఆయన డబ్బాని పైకి తీసి, దండ పక్కన పెట్టి, జేబురుమాలుతో తుడిచి, మీట తిప్పాడు. దీపం ఆరిపోయింది. తలుపులమ్మ అదిరిపడింది. ఆయనకి తెలుగు రాదు. వచ్చినా ఏమీ అనేవాడు కాదేమో. పచ్చగా మారిన తన వేళ్ల వంక చూసుకుంటూ సత్యప్రసాద్ గారితో ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాడు. నీళ్లు తగిలిందాకానో, మనిషి మీట నొక్కిందాకానో అది ఎవరికీ ఏమీ చెప్పదనీ, ఉత్తప్పుడు ఉత్త ప్లాస్టిక్ డబ్బాయేననీ సత్యప్రసాద్ గారు పల్లంరాజుకి తెలుగులో వినిపించారు. ఆ మాట విన్నప్పుడు పల్లంరాజు మొహంలో రంగు మారడం గుమ్మం దగ్గర నిలబడ్డ వీరదుర్గ చూసింది. ఎందుకు మారిందో అప్పటికి అర్థం కాలేదు.

ఆవిడకి అప్పుడు ఒకటే ఆలోచన. డబ్బా ఇంట్లో మోగితే బోటు మునిగినట్టు కాదు. మొగుడు పోయినట్టు కాదు. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. డబ్బా మాట అబద్ధమైతే కావచ్చు. ఐదు రోజులకని చవితి నాడు వెళ్లిన బోటు ఎనిమిదో రోజుకి రాలేదన్నది మాత్రం నిజం. వెతికిన ఓడ రెండు రోజులూ ఈ ఇంటి దేవుడి గూటి చుట్టూ వెతికింది. మనిషి ఉన్న చోట ఇంతవరకు ఎవరూ వెతకనే లేదు.

పక్క గదిలో ఆవిడ నాలుగేళ్ల కూతురు దుర్గాశ్రీ నారింజ రంగు పీక ఒకటి నోట్లో పెట్టుకుని ఊదుతోంది. రెండు నెలల కిందట మేనత్త మొగుడు అప్పాజీ ఇచ్చాడని అప్పటి నుంచీ దాన్ని వదలదు. ఎవరో కసిరితే ఆపింది. మళ్లీ ఊదింది.

*

సత్యప్రసాద్ గారు అరుగు మీద కుర్చీలో కూర్చుని అట్ట మీద కాగితం పెట్టుకున్నారు. రెండు సంగతులు కావాలన్నారు. బోటు మీద ఉండాల్సింది ఇంటికెలా వచ్చింది? బోటు ఇప్పుడెక్కడుంది?

మొదటి దానికి పల్లంరాజు తడుముకోలేదు. "మావాడు మర్చిపోయాడండి. కుర్రతనం. వస్తువు విలువ తెలీదండి వాడికి."

వస్తువు విలువ పల్లంరాజుకి తెలిసినట్టు లోకంలో ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో టీవీకి పాలిథిన్ తొడుగు, కుర్చీలకి పాలిథిన్ తొడుగు, ఫోనుకి పాలిథిన్ సంచి. కొని ఆరేళ్లయిన మోపెడ్ సీటు మీద షాపువాడు వేసిన కాగితం ఇంకా ఉంది. అలాంటి మనిషి నోటి నుంచి ముప్పై ఏళ్ల కొడుకు, పన్నెండో ఏట బోటెక్కిన కొడుకు, కుర్రతనం కొద్దీ మర్చిపోయాడన్న మాట వచ్చింది. తన మీద వేసిన నింద విని కాదనడానికి ఆ కొడుకు అక్కడ లేడు.

వీరదుర్గకి చవితి నాటి పొద్దున్న కళ్ల ముందు ఆడింది. బోటు కదిలి మలుపు తిరిగాక మావగారు రేవు నుంచి ఇంటికొచ్చాడు. భుజం మీద ఉండాల్సిన తువ్వాలు చంకలో ఉంది. అందులో ఏదో గట్టిగా చుట్టి ఉంది. ఏంటని ఆవిడ అడగలేదు. ఆ ఇంట్లో ఆయన తెచ్చే మూటల గురించి కోడలు అడగదు.

రెండో ప్రశ్నకి పల్లంరాజు గొంతు సవరించుకున్నాడు.

"బోటు క్షేమంగా ఉందండి. ఇంజను మొరాయిస్తే నిజాంపట్నం రేవుకి చేరారంట. నిన్న సాయంత్రం ఫోను చేశాడండి మావాడు. ఈ గొడవలో చెప్పడానికి వీల్లేకపోయింది."

అరుగంతా ఒక్కసారి ఊపిరి తీసుకుంది. వీరబాబు కింద పనిచేసే కళాసీ లాజరు భార్య చిట్టెమ్మ రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టి, అక్కడికక్కడే కూలబడి ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరు. మరో కళాసీ ఏసురాజు తల్లి ఆవిడ వీపు నిమిరింది. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. ఎవరో పిల్లలకి అన్నం పెట్టాలని లేచారు.

వీరదుర్గ కూడా ఏడ్చేదే. రెండడుగులు ఫోను బల్ల వైపు వేసి ఆగింది. సంచి తొలగించి రిసీవరు చెవి దగ్గర పెట్టుకుంది. లోపల గాలి చప్పుడు కూడా లేదు. సప్తమి నాటి వానకి ఆ ఇంటి లైను తెగిపోయింది. కేబులు బాగుచేసేవాళ్లు దసరా వెళ్లాక వస్తామన్నారు. ఆ మాట వచ్చి చెప్పింది పల్లంరాజే.

రిసీవరు ఆవిడ చేతిలో ఉండగానే ఆయన లోపలికొచ్చాడు. వంటింట్లోకి నడవమని చూపుతో చెప్పి, వాకిలి వైపు తలుపు గడియ వేశాడు. తలుపులమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పసుపు డబ్బా ఇంకా ఆవిడ ఒళ్లోనే ఉంది.

"ఏ ఫోనుకి చేశారండి ఆయన?" అంది వీరదుర్గ.

"నెమ్మదిగా మాట్లాడు. బయట జనం ఉన్నారు."

"ఏ ఫోనుకి చేశారు మావయ్య గారూ?"

ఆయన చెప్పాల్సింది వేరే ఉందన్నట్టు నచ్చచెప్పడం మొదలెట్టాడు. బోటు రాలేదని ఒప్పుకుంటే డబ్బా ఎందుకు తీశారన్న మాట మొదలవుతుందట. అది మొదలైతే పర్మిట్టు రద్దు చేస్తారట. పర్మిట్టు పోతే బోటు ఒడ్డున పడి కుళ్లిపోతుందట. వీరబాబుకి సముద్రం కొత్తేమీ కాదట, ఇవాళో రేపో వచ్చేస్తాడట. వచ్చాక అందరూ నవ్వుకుంటారట. ఇంతలో కోడలు ఒక్క మాట చెబితే చాలట, నిన్న తనూ ఫోనులో మాట్లాడానని.

వీరదుర్గ ఆయన మొహం వంకే చూస్తోంది. చక్కగా గీసుకున్న గడ్డం. ఏకాదశి స్నానం చేసి పెట్టుకున్న బొట్టు. రెండు రోజులుగా ఈ మనిషి రేవులో జనం మధ్య నిలబడి, తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని, వచ్చినవాళ్ల ఓదార్పు అందుకున్నాడు.

"డబ్బా ఇంట్లో ఉందని మీకు తెలుసు," అంది. "నవమి నాడు ఆ కబురు బోటు మీంచి వచ్చిందని వాళ్లు చెప్పినప్పుడే అది బోటు మీది కాదని మీకు తెలుసు. అయినా ఓడని మొగలో తిరగనిచ్చారు."

"డబ్బా పాడై మోగుతోందనుకున్నాను. మీ అత్త నీళ్లలో ముంచిందని నాకేం తెలుసు?"

"మమ్మల్ని రెండు రోజులు ఏడవనిచ్చారు."

"ఏడిస్తే ఏం పోయింది?" అన్నాడు పల్లంరాజు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు.

తలుపులమ్మ తల ఎత్తింది. మొగుడి వంక చూసింది, మళ్లీ దించుకుంది.

డబ్బా అసలు ఎందుకు తీశారని వీరదుర్గ అడిగింది. ఉప్పుగాలికి పాడవుతుందని కాదు కదా అంది. ఆయన గోడ వంక చూస్తూ కక్కాడు. అది బోటు మీద ఉంటే బోటు ఎక్కడెక్కడ తిరిగేదీ గవర్నమెంటుకి ఎప్పటికప్పుడు తెలిసిపోతుందని ఆయనకి ఎవరో చెప్పారు. ఇందాక ఆయన మొహంలో రంగు ఎందుకు మారిందో వీరదుర్గకి ఇప్పుడర్థమైంది. బోటు వెళ్లేదేమో వెళ్లకూడని చోటికి. చేప ఉండేదీ అక్కడే. అందుకని తనే పానా తీసుకుని డబ్బా ఊడదీశాడు. వద్దు నాన్నా అని కొడుకు అన్నాడు. కొడుకు అనే మాటలు ఆయన వినే రకం కాదు.

"ఎక్కడికండీ? ఏ చోటికి?"

"అది నీకెందుకు?"

ఆ రేవులో వల వేసే చోటు పెళ్లానికి కూడా చెప్పకూడదన్నది పద్ధతి. బోటు యజమానికి తెలియాలి, నడిపేవాడికి తెలియాలి. నడిమి సముద్రానికొచ్చిందాకా కళాసీలకి కూడా తెలియదు. వీరబాబు ఎనిమిదేళ్ల కాపురంలో ఒక్కనాడు కూడా నోరు జారలేదు. అంత నమ్మకంగా దాచిన మాట ఇప్పుడు ఈయనొక్కడి కడుపులో ఉంది.

వీరదుర్గ గోడకానుకుంది. మిగిలిన ఒక్క ధైర్యాన్నీ పట్టుకుని, తనకి తానే చెప్పుకుంటున్నట్టు అంది. "పోన్లెండి, తెప్ప ఉంది కదా. బోటుకేమైనా అయితే తాడు లాగితే చాలు, అదే గాలి నింపుకుంటుందన్నారు. పైన కప్పు ఉంటుంది, లోపల నీళ్లు, తిండి ఉంటాయన్నారు. పది రోజులైనా తేలతారన్నారు."

రెండు రోజులుగా ఆవిడ కళ్లు మూసుకుంటే కనబడింది ఆ తెప్పే. వేసవిలో సభలో ఆ రబ్బరు తెప్పని విప్పి చూపించారు. పెద్ద నారింజ రంగు గుడారం. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత దాన్ని మడిచి తెల్ల డ్రమ్ములో పెట్టి, డబ్బాతోపాటు పల్లంరాజు బోటుకే ఇచ్చారు. ఆ గుడారం కింద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న మొగుణ్ని ఊహించుకునే ఆవిడ ఇంతవరకు బతికింది.

పల్లంరాజు తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో చూశాడు.

పొయ్యి ముందు నుంచి తలుపులమ్మ అంది.

"తెప్ప లేదమ్మాయ్."

"నువ్వు నోరుముయ్యి," అన్నాడు పల్లంరాజు.

"అది మన అల్లుడు అప్పాజీ చెరువు దగ్గరుంది. రొయ్య పిల్లలు పోసుకోడానికి తొట్టి కావాలంటే ఇచ్చేశారు. రెండు నెలలైంది. డ్రమ్ము ఉత్తిదని ఎవరికీ తెలీకుండా ఇసక పోసి మూత బిగించారు."

పక్క గదిలో దుర్గాశ్రీ పీక ఊదింది.

వీరదుర్గ వెళ్లి పిల్ల నోట్లోంచి పీక లాక్కుంది. పిల్ల బిత్తరపోయి ఏడ్చింది. నారింజ రంగు పీక, దానికో చిన్న తాడు, తాడు కొసకి తెగిన ముడి. మునిగినవాడు చీకట్లో ఊదడానికి తెప్పలో పెట్టిన పీక. రెండు నెలలుగా కూతురు దాన్ని తన చెవి దగ్గరే ఊదుతుంటే ఆవిడ ముద్దుగా విసుక్కుంది.

పెరట్లోకి పరుగెత్తి బావి గట్టు మీద కూలబడింది. ఒకటే కళ్లకి కట్టింది. బోటు వాలిపోతుంటే ఆరుగురు మగాళ్లు కేబిను మీదికెక్కి, తాడు పట్టుకుని, ప్రాణాలన్నీ చేతుల్లో పెట్టుకుని లాగితే డ్రమ్ములోంచి ఇసక. ఏ తిట్టుకీ అందని నీచం అది.

*

ఆవిడ మొహం కడుక్కుని అరుగు మీదికొచ్చేసరికి కాగితం తయారుగా ఉంది. డబ్బా పొరపాటున ఇంట్లో ఉండిపోయింది, బోటు నిజాంపట్నంలో క్షేమంగా ఉంది, ఫోను ద్వారా తెలిసింది. సత్యప్రసాద్ గారు చదివి వినిపించారు. ఆయన మంచివాడే. ఆ ఇంటివాళ్ల మాట నమ్మారు. ఓడని వెనక్కి పిలిపిస్తామన్నారు. ఇంకో చోట ఇంకెవరికి అవసరం పడుతుందో తెలియదు కదా అన్నారు.

"మా కోడలు కూడా మాట్లాడిందండి ఫోనులో," అన్నాడు పల్లంరాజు. "సంతకం పెట్టమ్మాయ్."

"నేను మాట్లాడలేదండి," అంది వీరదుర్గ. "ఫోను పనిచెయ్యదండి. సప్తమి నుంచి పనిచెయ్యదు. ఆయన ఎక్కడున్నారో మాకెవరికీ తెలీదు. ఓడని పంపించెయ్యకండి."

చిట్టెమ్మ మెల్లగా లేచి నిలబడింది.

పల్లంరాజు తడబడలేదు. జాలిగా నిట్టూర్చాడు. రెండు రోజుల నుంచి పిల్లకి తిండీ నిద్రా లేదనీ, మతి స్థిమితం తప్పిందనీ, ఫోను పోయింది ఇవాళ పొద్దున్నేననీ ఆఫీసరుతో మెల్లగా చెప్పాడు. ఒక ఆడకూతుర్ని నలుగురిలో పిచ్చిదాన్ని చెయ్యడానికి ఆయనకి నిమిషం పట్టలేదు. పైగా ఆ గొంతులో ఎంత మెత్తదనం. సొంత కూతురి గురించి బాధపడుతున్న తండ్రిలా ఉన్నాడు.

సత్యప్రసాద్ గారు అటూ ఇటూ చూశారు. తెల్ల యూనిఫారం ఆయన గడియారం చూసుకున్నాడు. రెండు రోజులు లేని బోటు కోసం తిరిగి అలసిపోయిన మనిషి. ఈ ఇంటి మాట మీద మరోసారి పరుగెత్తమంటే ఆయనకి మాత్రం ఎలా మనసొప్పుతుంది?

"ఏమే, కాఫీ ఏదీ? ఏదైనా పెట్టు వాళ్లకి," అని పల్లంరాజు లోపలికి కేకేశాడు. ఇంటికొచ్చినవాళ్లని ఊరికే పంపించకూడదన్న మర్యాద మాత్రం ఆయనకి బాగా తెలుసు.

లోపల అటక మీద ఏదో జరిగిన చప్పుడైంది. కాసేపటికి తలుపులమ్మ స్టీలు పళ్లెంతో వచ్చింది. రెండు గ్లాసుల కాఫీ, వాటి పక్కన బిస్కట్లు. చదరంగా, మందంగా, పైన ఏ పువ్వూ లేని తెల్లటి బిస్కట్లు. అవి వచ్చిన వెండి రంగు కాగితం కూడా పళ్లెంలోనే ఉంది. అతిథుల ముందుకి ఎవరూ పొట్లం కాగితంతో తీసుకురారు. తలుపులమ్మ ముప్పై అయిదేళ్ల సంసారంలో ఎన్నడూ తేలేదు.

తెల్ల యూనిఫారం ఆయన మర్యాద కోసం ఒకటి తీసుకుని కొరికాడు. నమలడం ఆపాడు. చేతిలో ముక్కని తిప్పి చూశాడు. పళ్లెంలోంచి వెండి కాగితం తీసి, మడత విప్పి, దాని మీద అచ్చు చదివాడు. సత్యప్రసాద్ గారికి అందించాడు.

సత్యప్రసాద్ గారు చదవడానికి చాలాసేపు పట్టింది.

"ఇవి తెప్పలో ఉండాల్సినవి కదా," అన్నారు ఆఖరికి. "ఇవి మీ ఇంట్లో ఎందుకున్నాయి? తెప్ప ఎక్కడుంది పల్లంరాజు గారూ?"

పల్లంరాజు పెళ్లాం వంక చూశాడు. ఆ చూపుకి ఇన్నేళ్లూ ఆవిడ గోడ చాటుకి వెళ్లిపోయేది. ఇవాళ పళ్లెం కింద పెట్టి అక్కడే నిలబడింది.

"మా అల్లుడి రొయ్యల చెరువు దగ్గరుందండి," అంది. "డ్రమ్ములో ఇసక ఉందండి. బోటు చవితి నాడు వెళ్లిందండి. ఐదు రోజుల ఐసు పెట్టుకుని వెళ్లారు. ఆరుగురండి. ఇవాళ్టికి ఎనిమిది రోజులు. ఫోను రాలేదండి."

మాటలన్నీ వరసగా, లెక్క అప్పజెప్పిన పిల్లలా చెప్పేసింది. ఆ ఇంట్లో ఆవిడ ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం ఎవరూ వినలేదు. వీరదుర్గ దగ్గరికొచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, గోళ్లు ఇంకా పచ్చగా ఉన్నాయి.

"డబ్బా తెలీక కడిగానమ్మాయ్," అంది తలుపులమ్మ, కోడలికి మాత్రమే వినబడేలా. "ఇవి తెలిసే తెచ్చాను."

తెల్ల యూనిఫారం ఆయన అప్పటికే మెట్లు దిగి జీపు దగ్గరికి పరుగెత్తాడు. వైర్‌లెస్ గరగరలాడింది. ఇటునుంచి ఆయన అరుస్తున్నాడు, అటునుంచి ఎవరో అడుగుతున్నారు. చిట్టెమ్మ నెమ్మదిగా నడిచి పల్లంరాజు కుర్చీ ఎదురుగా వచ్చి నిలబడింది. తిట్టలేదు, కొట్టలేదు. లాజరు బోటెక్కిన నాడు ఆ తెల్ల డ్రమ్ముని చెయ్యేసి తట్టి, ఇదుందిలే నీకు భయం దేనికని తనతో అన్నాడని చెప్పింది. చెప్పి, అలాగే నిలబడింది. పల్లంరాజు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

సత్యప్రసాద్ గారు మొదటి కాగితం కొట్టేసి కొత్త కాగితం మీద గబగబా రాశారు. రాసిందంతా పల్లంరాజు పక్క చూపుతో చదువుతూనే ఉన్నాడు. జీపు దగ్గర నుంచి కేక వినబడితే సత్యప్రసాద్ గారు తలెత్తారు.

"ఓడ తిరుగుతుందంట. విమానం కూడా అడుగుతారంట. సముద్రం చిన్నది కాదు, ఎటు వెళ్లాలో చెప్పమంటున్నారు. వల ఎక్కడ వేస్తాడు మీవాడు? ఏ దిక్కు? ఒడ్డుకి ఎంత దూరం?"

అరుగు మీద అందరి తలలూ ఒకేసారి పల్లంరాజు వైపు తిరిగాయి. ఆ చోటు తెలిసిన మనుషులు ఇద్దరు. ఒకడు సముద్రంలో ఉన్నాడు. రెండోవాడు పాలిథిన్ తొడుగున్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మావయ్య గారూ," అంది వీరదుర్గ. ఆ పిలుపు నోట్లోంచి రావడానికే ఆవిడకి రోత పుట్టింది. అయినా పిలిచింది. "చెప్పండి."

పల్లంరాజు పెదాలు తడుపుకున్నాడు. ఆయన కళ్లు కోడలి మీద లేవు, చిట్టెమ్మ మీద లేవు. సత్యప్రసాద్ గారి పెన్ను మీద ఉన్నాయి.

"అది సముద్రంలో గ్యాసు తవ్వే రిగ్గుల దగ్గరండి. బోట్లు వెళ్లకూడదని బోర్డులు పెట్టారు కదండీ," అన్నాడు మెల్లగా. "అలాంటి రిగ్గులు చాలా ఉన్నాయండి. ఏ రిగ్గో చెప్పాలంటే... కాగితం మీద రాయనంటే చెప్తానండి."

సత్యప్రసాద్ గారు పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. చేతులు రెండూ ఖాళీగా చూపించారు.

పల్లంరాజు ఆ చేతుల వంక చూశాడు. తర్వాత అట్ట మీదున్న కాగితం వంక చూశాడు.

"ముందు ఆ రాసింది చింపెయ్యండి," అన్నాడు.

జీపులో వైర్‌లెస్ మళ్లీ అదే మాట అడిగింది.